ఇసోకో అక్క తిరిగివ్వని సీసా

హమయు బారు మూసేసిన నెలలో ఇసోకో అక్క ఎడమచేత్తో చక్రాల సంచీ లాక్కుంటూ మోజి రేవులో ఇల్లిల్లూ తిరిగి పాత గిరాకీలు కొనుక్కుని బారులో దాచుకున్న మందు సీసాలు ఎవరివి వాళ్ళకి అప్పజెప్పింది. పళ్ళ డాక్టరుది డాక్టరుకి, టగ్గు పడవ కెప్టెనుది కెప్టెనుకి. పదేళ్ళుగా మొహం చూపించని బీమా ఏజెంటు ఇంటికి కూడా వెళ్ళి, గుమ్మంలో నడుం వంచి నమస్కారం పెట్టి మరీ ఇచ్చింది. నాకు మాత్రం ఇవ్వలేదు.

"నీది కనబడలేదయ్యా కురోగీ," అంది.

ముప్పై రెండు సీసాలు కనబడి నాదొక్కటీ కనబడకపోవడమేమిటి? పైగా ఆ సీసాల మెడల్లో వేలాడే పేరుబిళ్ళలన్నీ చెక్కిందే నేను. నేను ముద్రలు చెక్కేవాణ్ణి. మా ఊళ్ళో బ్యాంకు ఖాతాకైనా, పెళ్ళి నమోదుకైనా, ఇల్లు అమ్ముకోవడానికైనా పేరు చెక్కిన ముద్ర పడాలి. ఆ ముద్ర నా దగ్గరో, మా నాన్న దగ్గరో పుట్టి ఉంటుంది. అలాంటివాడి పేరున్న సీసాయే పోయిందంటే నాకు ఒళ్ళు మండింది. రెండు వారాలు ఆవిడతో మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడమన్నది మా వీధికి పండగలాంటిదని మా ఎదురింటి చాపలాయన అన్నాడు, అది వేరే సంగతి.

అందరూ ఆవిణ్ణి అక్క అనే పిలిచేవాళ్ళం, ఎనభై ఏళ్ళ కెప్టెనుతో సహా. పుట్టింది గొతో దీవుల్లో, స్క్విడ్ చేపలు ఎండబెట్టే ఇంట్లో. పంతొమ్మిదో ఏట రేవుకు వచ్చి రైలు ప్లాట్‌ఫారం మీద అన్నం డబ్బాలు అమ్మింది. టగ్గు పడవలో పనిచేసే ఇంజనీరుని పెళ్ళాడింది. అతను ఆరేళ్ళకే కన్నుమూశాడు. ముప్పై రెండో ఏట, అతని పడవ కంపెనీ వాళ్ళు ఇచ్చిన సొమ్ముతో, తొమ్మిది స్టూళ్ళు మాత్రమే పట్టే గదిలో హమయు తెరిచింది. నలభై ఒక్క ఏళ్ళు నడిపింది.

ఆ తొమ్మిది స్టూళ్ళ గదికి ఆవిడ పెట్టిన చట్టాలు మూడు. ఒకటి, మధ్యాహ్నం మూడింటికి ఐసు దిమ్మ తెచ్చి సూదిములుకుతో తానే పగలగొట్టాలి. మిషను ఐసు గంటకే నీరైపోతుందని, తాగేవాడి మాట సగంలో ఉండగా గ్లాసు పలచబడకూడదని అనేది. రెండు, ఎవడినీ ఏమీ అడక్కూడదు. వచ్చినవాడు తనంతట తాను నోరు విప్పేదాకా గ్లాసు తుడుస్తూ ఉండాలి. మూడు, పేరుబిళ్ళ ఉన్న సీసా అంటే ఆ పేరుగలవాడిది. వాడు మీసాలు నెరిసి దేశాలు పట్టి పోయినా, సముద్రంలో మునిగినా, వాడు సరే అనకుండా అందులో చుక్క ఇంకొకరికి పోయకూడదు. రోజూ బారు మూసేటప్పుడు ప్రతి సీసా చీటీ మీదా పెన్సిల్‌తో మందు ఎంతవరకు ఉందో గీత గీసి తేదీ వేసేది.

రెండేళ్ళ కిందట పక్షవాతం కొట్టింది. కాలు బాగుపడింది, మాట బాగుపడింది, కుడిచెయ్యి మాత్రం వణుకు మానలేదు. ఒక్క వారం ప్రయత్నించింది. గ్లాసు అంచుకి సీసా మూతి టకటకా కొట్టుకోవడం తొమ్మిది స్టూళ్ళకీ వినబడింది. మర్నాడే బారు మూసేశానని తలుపుకి కాగితం అంటించేసింది. "వణికే చెయ్యి చూస్తే వచ్చినవాళ్ళు నా కష్టాలు అడుగుతారయ్యా. వాళ్ళు వచ్చేది నా కష్టాలు వినడానికి కాదుగా," అంది.

ఆ తర్వాత ఇంట్లోంచి కదలలేదు. నేను చేపముద్దల పొట్లం పట్టుకెళితే తలుపు జానెడు తెరిచి తీసుకుని, థాంక్సయ్యా అని మూసేసేది. నలభై ఒక్క ఏళ్ళు ఊరంతటి గోడూ కడుపులో పెట్టుకున్న మనిషి నాలుగు గోడల మధ్య టీవీ చూస్తూ కూర్చుంది. నాకది చూస్తే ప్రాణం ఉసూరుమనేది. ఏదో ఒక కౌంటరు వెనక ఆవిణ్ణి మళ్ళీ నిలబెట్టాలి, అంతే నా కోరిక. ఎందుకు అంత పట్టుదల అంటే, మా ఆవిడ ఫుసాఎ పోయిన శీతాకాలం నన్ను మోసింది హమయు బారే. నవంబరులో కర్మకాండలు అయిన మర్నాటినుంచి మార్చి దాకా రోజూ వెళ్ళి ఐదేసి గ్లాసుల విస్కీ తాగేవాణ్ణి. ఐదు తాగినా పొద్దున తొమ్మిదికల్లా కొట్టు తెరిచి, గీటు తప్పకుండా ముద్రలు చెక్కేవాణ్ణి. మా అమ్మ ఇచ్చిన ఒళ్ళు ఎలాంటిదో చూడండని పన్నెండేళ్ళుగా కనబడినవాడికల్లా చెప్పుకుంటున్నాను. వసంతం రాగానే ఎందుకో విస్కీ మీద మనసు విరిగి, చిన్న బీరుతో సరిపెట్టుకోవడం మొదలుపెట్టాను. అలా నా సీసా అక్కడే ఉండిపోయింది. ఇప్పుడేమో కనబడలేదట.

కిందటి సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం చినత్సు అనే పిల్ల కొట్టుకొచ్చింది. పిల్ల అంటే ముప్పై మూడేళ్ళు. ఇంకో ఇద్దరితో కలిసి పాత ఎండుచేపల గోదాము మేడమీద వీడియో గేముల కంపెనీ పెట్టిందట, కంపెనీ ముద్ర కావాలంది. నేను కొయ్యలు తీసి చూపిస్తుంటే చేతిలోని పలక మీద ఏదో నొక్కుతోంది.

"ఏంటమ్మా అది? కాల్చేస్తున్నావా ఎవరినైనా?" అన్నాను.

"అయ్యో లేదు బాబాయ్, మందు పోస్తున్నా."

తొంగి చూశాను. రేవు, వాన, పసుప్పచ్చ దీపం, చిన్న బారు. స్టూలు మీద తడిసిన కోటుతో ఒకడు. చినత్సు వేలితో సీసాని తాకితే సీసా వంగింది, గ్లాసు నిండింది, వాడు ఒక గుక్క తాగి తన కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఏం పోస్తే దాన్నిబట్టి కథ ఒక్కో దారి పడుతుందట. చంపడాలు లేవు, గెలుపు లేదు, గడియారం లేదు. వినడమే ఆట.

"దీన్ని ఎవరు ఆడతారే?" అన్నాను.

"రోజంతా ఎవరి మాటా వినిపించనివాళ్ళు ఆడతారు బాబాయ్. మాట్లాడేవాళ్ళున్నా, వాళ్ళని ఆదుకునే ఓపిక లేనివాళ్ళు ఆడతారు. ఇక్కడ ఒక గ్లాసు పోస్తే చాలు, ఒకడికి మేలు చేసినట్టుంటుంది. కానీ ఏదో తేడా కొడుతోంది. ఆడి చూసినవాళ్ళు బావుంది, బావుంది అంటారు, సగంలో వదిలేస్తారు."

నేను వినడం లేదు. ఆ గ్లాసే చూస్తున్నాను. చుక్క ఒలకలేదు. పోసింది ఒక్క వేలు.

మర్నాడు ఇసోకో అక్క తలుపు కొట్టాను. మామూలుగా పిలిస్తే రాదని తెలుసు. "అక్కా, గోదాము మేడమీద ఎవరో పిల్ల బారు పెట్టింది. మనిషి వచ్చి కూర్చోగానే, ఎందుకు దిగులుగా ఉన్నావు అని అడుగుతోంది," అన్నాను.

జానెడు తెరుచుకున్న తలుపు మూరెడు తెరుచుకుంది. "ఏంటీ? మొహం మీదే అడుగుతోందా?"

"మొహం మీదే."

"బుద్ధుందా దానికి? అలా అడిగితే ఎవడు చెప్తాడు? ఉన్న మాట కూడా గొంతులోకి పోతుంది. ఎవరూ చెప్పలేదా?"

"ఎవరు చెప్తారు, చెప్పాల్సినవాళ్ళు టీవీ చూస్తూ కూర్చుంటే?"

ఆవిడకి ముక్కుమీద కోపం. కోటు తొడుక్కుని చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది.

గోదాము మేడ మెట్లు పద్దెనిమిది. ఒక్కో మెట్టుకీ నన్నొక తిట్టు తిట్టింది. పైకి వెళ్ళాక బారు లేదు, ముగ్గురు పిల్లలూ మూడు కంప్యూటర్లూ ఉన్నాయి. అక్క నా వంక చూసిన చూపు నేనిప్పటికీ మర్చిపోలేదు. కానీ చినత్సు అప్పటికే పెద్ద తెర ముందు కుర్చీ లాగి, "రండమ్మా, మీ కోసమే చూస్తున్నాం," అని కూర్చోబెట్టేసింది. కూర్చున్నాక లేవడం మర్యాద కాదు కదా.

మొదటి మనిషి వచ్చాడు, నావికుడు. విస్కీ అడిగాడు. అక్క ఎడమచేతి వేలు ఎత్తి, అలాగే ఆపేసింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"అమ్మా, ఆ సీసాని తాకితే చాలు," అంది చినత్సు.

"తాకను. ఇది నకషిమా గారిది."

"ఎవరిది?"

"మెళ్ళో బిళ్ళ కనబడట్లా? నకషిమా అని రాసుంది. ఈ నావికుడు నకషిమా కాడుగా. వేరే సీసా ఏదీ?"

మీసాల కుర్రాడు, బొమ్మలు గీసేవాడట, నెత్తి గోక్కున్నాడు. "అది... అందానికి గీశానండీ. ఊరికే ఒక పేరు."

"ఊరికే పేరేంటి నాయనా? రేపు నకషిమా గారొచ్చి గీత దిగిపోయిందేంటక్కా అంటే నేను ఏ మొహం పెట్టుకోను?"

"ఆయన రారండీ. అసలు లేరు."

"రాడని తెలిసినవాడి సీసా మరీ ముట్టుకోకూడదు," అంది అక్క. చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది.

అరగంట ఆట కదలలేదు. ఆవిడ నావికుడికి క్షమాపణ చెబుతూ కూర్చుంది, కుర్రాడు చెమటలు కక్కుతూ బిళ్ళ లేని సీసా ఒకటి గీశాడు. నేను నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాను. చినత్సు మాత్రం నవ్వలేదు. పుస్తకం తీసి రాసుకుంటోంది. "మేమెంత వెతికినా దొరకనిది ఇదే బాబాయ్. మా మనుషులకి రేపు లేదు. ఇవాళ వచ్చి కథ చెప్పి పోతున్నారంతే," అంది.

ఆ తర్వాత అక్క ఆగలేదు. మొదటి మాట వచ్చినవాడు అనేదాకా ఆగే వీలుండాలంది, గ్లాసు తుడిచే బొత్తం పెట్టించింది. ఐసు శబ్దం తప్పని మూడుసార్లు మార్పించింది. వణికే కుడిచెయ్యి ఒళ్ళో ఉంది, ఎడమచేతి వేలు ఒకదాని తర్వాత ఒకటి పోస్తూ పోయింది. రెండేళ్ళకి మొదటిసారి ఆవిడ వీపు నిటారుగా ఉండటం చూశాను. నేను అనుకున్నది జరిగిందని గర్వంగా బీరు తాగినవాడిలా నిలబడ్డాను.

నాలుగింటప్పుడు ఇంకొకడు వచ్చాడు ఆటలో. నల్ల టై. ఆ రోజే తల్లిని కాటికి సాగనంపి వచ్చాడు. ఘాటైనది ఏదైనా పొయ్యమన్నాడు. ఆట కట్టినవాళ్ళ లెక్కలో అతనికి మూడు ఘాటు గ్లాసులు పోస్తే ఏడ్చి, మనసు తేలికపడి, కథంతా చెబుతాడు. అక్క ఒకటి పోసింది. రెండోదానికి తల ఎత్తి అడిగింది, "బార్లీ టీ ఎక్కడుంది?"

"బార్లీ టీ ఎందుకండీ?"

"వేపిన బార్లీ కాచి చల్లారబెట్టింది. విస్కీలో నీళ్ళు కలిపిన రంగే ఉంటుంది. చావింటి నుంచి వచ్చినవాడికి మొదటి గ్లాసు అసలుది పొయ్యాలి. రెండోది సగం సగం. మూడో దాన్నించి, మర్నాడు మళ్ళీ వచ్చినా సరే, గ్లాసు అంచుకి విస్కీ తడి రాసి, లోపల బార్లీ టీయే. అదే గ్లాసు, అదే ఐసు. కౌంటరు చాటున పోస్తే వాడికి తెలీదు. వాసన వస్తుంది, భుజాలు దిగుతాయి, మాట వస్తుంది. ఒళ్ళు మాత్రం పాడవదు."

"రుచి తెలిసిపోదా అండీ?" అన్నాడు మీసాల కుర్రాడు.

"ఏడ్చేవాడి నాలుక్కి రుచేంటి నాయనా! ఒకాయన ఒక శీతాకాలమంతా అలాగే తాగాడు. రోజూ ఐదు—"

అక్కడ ఆపేసింది. తెర మీదనుంచి చూపు తిప్పలేదు. నా వంక అసలే చూడలేదు.

నేను లెక్కలు రాని మనిషినేం కాదు. రోజుకి ఐదు గ్లాసులు, నాలుగు నెలలు, ఒక్క సీసా. పన్నెండేళ్ళు నాకీ లెక్క తట్టలేదు. ఆ పద్దెనిమిది మెట్లూ ఎలా దిగానో తెలియదు.

మొదట వచ్చింది కోపమే, దాచుకోవడం దేనికి. పసివాడికి మందని చెప్పి తేనె నాకించినట్టు నన్ను మోసం చేసింది. నేనేమో మా అమ్మ ఇచ్చిన ఒళ్ళు అని ఊరంతా డప్పు కొట్టుకున్నాను. ఎంతమంది లోపల్లోపల నవ్వుకున్నారో! మూడు రోజులు గోదాము వైపు చూడలేదు.

నాలుగో రోజు చినత్సు కంపెనీ ముద్ర చెక్కడానికి కూర్చున్నాను. చిన్న కొయ్య, వేలిగోరంత ముఖం, వెంట్రుకంత గీతలు. ఉలి పెట్టాను. చెయ్యి కదలకుండా రాయిలా ఉంది. దాన్ని చూస్తూ ఉండిపోయాను. మా నాన్న కూడా ఇదే బల్ల ముందు కూర్చునేవాడు. మా అమ్మ పోయాక తాగడం మొదలుపెట్టాడు. రెండేళ్ళకి ఆయన ఉలి వణికింది. ఆయన చెక్కిన ఆఖరి ముద్ర గీతలు చీమలు పాకినట్టు ఉంటాయి, సొరుగులో ఇంకా ఉంది. ఆ శీతాకాలం నేనూ అదే దారిన పోవలసినవాణ్ణి, పోయానని కూడా అనుకున్నాను. ఒక మనిషి సాయంత్రానికి ఐదు గ్లాసుల బార్లీ టీతో, ఒక్క మాట అనకుండా, నన్ను పోనివ్వలేదు. పన్నెండేళ్ళలో నేను చెక్కిన ప్రతి ముద్రా ఆవిడ పెట్టిన భిక్షే. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఫుసాఎ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

కంపెనీ ముద్ర పూర్తయ్యాక అదే కొయ్య ముక్క మిగిలితే ఇంకొకటి చెక్కాను.

ఆట మార్చిలో బయటికొచ్చింది. అందులో నల్ల టైవాడికి ఇప్పుడు బార్లీ టీ పొయ్యొచ్చు. పొయ్యమని ఆట ఎక్కడా చెప్పదు, కనిపెట్టినవాళ్ళు కనిపెడతారు. పోసిన మర్నాడు అతను మళ్ళీ వస్తాడు, షేవింగు చేసుకుని. కింద అల్మరాలో బిళ్ళలున్న సీసాలున్నాయి, వాటిని ముట్టుకుంటే ఆట పొయ్యనివ్వదు. ఎక్కడెక్కడి వాళ్ళో ఉత్తరాలు రాస్తున్నారట. సప్పోరోలో ఒక నర్సమ్మ, డ్యూటీ దిగాక ఇంటికెళ్ళి ముగ్గురికి గ్లాసులు పోస్తే గాని నిద్ర పట్టదని రాసింది. రోగులకి చెయ్యలేకపోయింది ఇక్కడ చేసినట్టుంటుందట. నేనూ ఆడాను. ఊరుకోలేక మధ్యలో బొత్తాలు నొక్కేస్తాను, మనుషులు సగం గ్లాసు వదిలి లేచిపోతారు. అక్క ఇప్పుడు వారానికి రెండు మధ్యాహ్నాలు ఆ మేడెక్కి, రెండో ఆటకి వచ్చే మనుషుల మాటలు దిద్దుతోంది. మెట్లమీద తిట్లు మాత్రం తగ్గలేదు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళాను. పక్కగదిలో చినత్సు పుస్తకంలో ఏదో రాసుకుంటోంది, అక్క వంటగదిలో చిన్న బల్ల ముందు కూర్చుని ఉంది. ఎదురుగా కూర్చున్నాను. ఎప్పటిలాగే ఏమీ అడగలేదు, గ్లాసు తీసి తుడవడం మొదలుపెట్టింది. గ్లాసు కొంచెం వణికింది.

"నా సీసా ఇవ్వండక్కా," అన్నాను.

ఆవిడ గ్లాసు పక్కన పెట్టింది. తర్వాత చక్రాల సంచీలోంచి తీసి బల్లమీద పెట్టింది. ఎన్నాళ్ళుగా మోసుకు తిరుగుతోందో. చీటీ మీద ఆవిడ పెన్సిల్ గీతలు. నవంబరు నుంచి మార్చి దాకా ఒకదానికొకటి అంటుకున్నట్టు ఉన్నాయి. సీసాలో మూడో వంతు ఇంకా ఉంది.

"ఇస్తే నీకు తెలిసిపోద్దనీ," అంది. "ఒళ్ళు గురించి అంత గొప్పలు చెప్పుకుంటివి. పాడుచెయ్యడం దేనికని..."

నేను సీసా మెడలోంచి నా బిళ్ళ తీసేశాను. జేబులోంచి కొత్త బిళ్ళ తీసి తగిలించాను. ఆవిడ కళ్ళు దగ్గరగా పెట్టి చదివింది. ఇసోకో అని ఉంది. నలభై ఒక్క ఏళ్ళలో ఆ బారులో ఆవిడ పేరున్న సీసా ఒక్కటీ లేదు.

"ఇదేంటయ్యా?"

"మీ సీసా. నా చేతులు నిలబెట్టారు. ఇంతకంటే ఏమివ్వాలో నాకు తెలీలేదక్కా."

ఆవిడ బిళ్ళని బొటనవేలితో తడుముతూ కూర్చుంది. "గీతలు బాగా వచ్చినయ్," అంది చివరికి. "నా సీసా అయితే మరి, నువ్వు అడిగి తాగాలి."

"అడుగుతున్నాను. పొయ్యండి."

"చెయ్యి వణుకుద్ది."

"వణకనివ్వండి."

రెండు చేతులతో సీసా ఎత్తింది. సీసా మూతి గ్లాసుకి టకటకా కొట్టుకుంది, సగం బల్ల మీద పడింది, సగం గ్లాసులో పడింది. ఎత్తి తాగాను. పన్నెండేళ్ళ తర్వాత అసలు విస్కీ, గొంతు భగ్గుమంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

ఇసోకో అక్క నా మొహం చూసింది. ఏమీ అడగలేదు. నా చేతిలోంచి గ్లాసు మెల్లగా తీసేసుకుని, పక్కగదిలోకి కేకేసింది.

"చినత్సూ, ఫ్రిజ్‌లో బార్లీ టీ ఉంది, ఇలా పట్రామ్మా."